అరిస్టాటిల్ చెప్పిన 55 గోళాలు: గణితమా, వస్తువులా?

రాత్రిపహరా

సభ్యులందరికీ నమస్కారం. ప్రాచీన గ్రీకు తత్త్వవేత్తలు ఆకాశ నిర్మాణాన్ని ఎలా ఊహించారన్న విషయం మీద కొన్ని వారాలుగా చదువుతున్నాను. భూమి నడుమ కదలకుండా ఉంటుందని, దాని చుట్టూ ఉల్లిపొరల్లా ఒకదానిలో ఒకటి ఇమిడిన గోళాలు తిరుగుతుంటాయని, సూర్యచంద్రులూ గ్రహాలూ నక్షత్రాలూ ఆ గోళాలను అంటిపెట్టుకొని ఉంటాయని వారు భావించినట్లు అర్థమైంది. నాకు కొరుకుడు పడనిది ఆ గోళాల సంఖ్య. క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో క్నిడస్ నగరానికి చెందిన యుడాక్సస్ 27 గోళాలతో పని జరిపించాడు. ఒక తరం గడిచేలోగా సైజికస్ నగరవాసి కలిప్పస్ వాటిని 34 చేశాడు. అరిస్టాటిల్ చేతికి వచ్చేసరికి అవి 55 అయ్యాయి. నక్షత్రాలను పక్కన పెడితే ఆకాశంలో విడివిడిగా సంచరించే జ్యోతులు ఏడే కదా, వాటికి ఇన్ని గోళాలు ఎందుకు కావలసి వచ్చాయి?

మరో సందేహం కూడా ఉంది, నిజానికి అదే నన్ను ఎక్కువగా వేధిస్తోంది. ఈ గోళాలు పైన నిజంగానే ఉన్నాయని వారు నమ్మారా, లేక లెక్క కుదరడానికి గీసుకున్న గీతలుగా మాత్రమే చూశారా? మేము బడిలో చదువుకున్న పాఠం టాలెమీది తప్పు, కోపర్నికస్‌ది ఒప్పు అన్న రెండు ముక్కలతో ఈ సుదీర్ఘ చరిత్రను ముగించేసింది. తెలిసినవారు వివరించగలరు.

లెక్కలపంతులు

రాత్రిపహరా గారూ, మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకచోటే ఉంది. కాకపోతే అక్కడికి కాస్త చుట్టుదారిలో వెళ్లాలి.

గ్రహాలు నక్షత్రాల నేపథ్యంలో సాధారణంగా పడమటి నుంచి తూర్పుకు జరుగుతాయి. అప్పుడప్పుడు ఆగి, కొంత వెనక్కి నడిచి, మళ్లీ ఆగి, తిరిగి ముందుకు సాగుతాయి. మన పంచాంగాల్లో కుజుడు వక్రించాడని రాసేది దీనినే. ఆకాశంలో జరిగే ప్రతి కదలికా సమవేగంతో సాగే వృత్తచలనమే అయి ఉండాలన్నది ప్లేటో వర్గం నమ్మకం. అలాంటప్పుడు సమవేగ వృత్తాలను మాత్రమే కూర్చి ఈ వెనకడుగును పుట్టించడం ఎలా? ఈ సవాలును విసిరినవాడు ప్లేటోయేనని క్రీ.శ. ఆరో శతాబ్దపు వ్యాఖ్యాత సింప్లీషియస్ రాశాడు.

యుడాక్సస్ ప్రతి గ్రహానికీ నాలుగు గోళాలు ఇచ్చాడు. అన్నింటికీ కేంద్రం భూమే. అన్నిటికంటే పైనున్న గోళం రోజుకొక చుట్టు తూర్పు నుంచి పడమరకు తిరుగుతుంది కనుక ఉదయాస్తమయాలు దాని పని. ఆ గోళం లోపలి గోడలో రెండో గోళపు ఇరుసును వాల్చి బిగించాడు. అది గ్రహాన్ని రాశిచక్రం వెంట నడిపిస్తుంది, శనిని సుమారు 30 ఏళ్లలో, గురుడిని సుమారు 12 ఏళ్లలో ఒక చుట్టు తిప్పుతుంది. మూడు, నాలుగు గోళాలది జంట పని. అవి రెండూ ఒకే వేగంతో ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. వాటి ఇరుసులు ఒకే గీతలో ఉంటే ఒకటి చేసిన పనిని మరొకటి పూర్తిగా చెరిపేసేది. ఇరుసుల మధ్య కొద్దిపాటి వాలు ఉండడంవల్ల అది పూర్తిగా చెరగదు, ఆ మిగిలిన కదలిక పడుకోబెట్టిన 8 అంకె ఆకారాన్ని గీస్తుంది. గ్రీకులు దానిని హిప్పోపీడ్ అన్నారు, గుర్రం కాళ్లకు వేసే బంధమని ఆ మాటకు అర్థం. రెండో గోళం ఈ 8 అంకెను రాశిచక్రం వెంట ఈడ్చుకుపోతుంటే, దాని మీద నడిచే గ్రహం కొన్నాళ్లు ముందుకు, కొన్నాళ్లు వెనక్కు పోతున్నట్లు మనకు కనిపిస్తుంది. త్రికోణమితి ఇంకా పుట్టని రోజుల్లో ఒక మనిషి దీనిని మనసులో తిప్పి చూసుకోగలిగాడన్న సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఐదు గ్రహాలకు నాలుగేసి చొప్పున 20, సూర్యచంద్రులకు మూడేసి చొప్పున 6, నక్షత్రాలకు ఒకటి, మొత్తం 27. ఋతువుల నిడివి సమానంగా లేదని కలిప్పస్ గమనించాడు. వసంత విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే వసంతకాలపు రోజు) నుంచి ఆయన లెక్క వరుసగా 94, 92, 89, 90 రోజులు. అందుకని సూర్యుడికి రెండు, చంద్రుడికి రెండు, కుజ శుక్ర బుధులకు ఒక్కొక్కటి చేర్చాడు. అలా 34 అయ్యాయి.

ఇక అరిస్టాటిల్ సంగతి. యుడాక్సస్ పద్ధతిలో ఏ గ్రహపు యంత్రం ఆ గ్రహానిదే, శని గోళాలతో గురుడి గోళాలకు ఏ సంబంధమూ లేదు. అరిస్టాటిల్ వాటన్నిటినీ ఒకదానిలో ఒకటి అమర్చి, బయటిది లోపలిదాన్ని తిప్పే ఒకే యంత్రంగా చేయాలనుకున్నాడు. అలా చేయగానే శని వంకర నడక అంతా దాని లోపల ఉన్న గురుడికి అంటుకుంటుంది. దానిని రద్దు చేయడానికి ఆయన రెంటి నడుమ ఎదురు దిశలో తిరిగే గోళాలను చేర్చాడు. చుట్టిన దారాన్ని విప్పినట్లు పైగోళాల కదలికను విప్పేవి కనుక వాటిని విప్పే గోళాలనవచ్చు. శనికి 3, గురుడికి 3, కుజ శుక్ర బుధ సూర్యులకు నాలుగేసి చొప్పున 16, మొత్తం 22 అయ్యాయి. చంద్రుడి కింద మరో జ్యోతి లేదు కనుక అక్కడ విప్పవలసిన పని లేదు. నక్షత్రగోళాన్ని మినహాయిస్తే కలిప్పస్‌వి 33 కదా, వాటికి ఈ 22 కలిపితే 55.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఈ 22లోనే దాగి ఉంది. గీతలు ఒకదానినొకటి తోసుకోవు. లెక్క కోసం మాత్రమే గీసుకున్నవాడికి విప్పే గోళాలతో పనే లేదు. అవి వస్తువులని, ఒకదానికొకటి తగిలి ఒకదానినొకటి ఈడుస్తాయని నమ్మినవాడికే ఆ 22 కావాలి.

గోదారిగట్టు

పంతులు గారి వివరణ చక్కగా ఉంది. అయితే కథను యుడాక్సస్ దగ్గర మొదలుపెడితే, ఆకాశాన్ని ఒక కట్టడంగా చూసే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో కనిపించదు. అందుకని రెండు శతాబ్దాలు వెనక్కి, మిలేటస్ రేవుపట్టణానికి వెళదాం.

భూమి నీటి మీద దుంగలా తేలుతున్నదని థేలీస్ అన్నాడు. ఆ నీటికి మాత్రం ఆధారం అక్కర్లేదా అని అరిస్టాటిల్ తర్వాత ఎత్తిపొడిచాడు. శేషుడు భూమిని మోస్తే శేషుణ్ణి ఎవరు మోస్తారని మన ఇళ్లలో పిల్లలు అడిగే ప్రశ్న ఇదే. పన్నెండో శతాబ్దంలో భాస్కరాచార్యుడు సిద్ధాంతశిరోమణిలో ఇదే ప్రశ్న వేసి, దీనికి అంతు ఉండదని తేల్చాడు. థేలీస్ ఊరివాడైన అనాక్సిమాండర్ ఈ చిక్కు నుంచి ఒక్క దెబ్బతో బయటపడ్డాడు. భూమి దేని మీదా ఆనలేదని, అన్ని వైపుల నుంచీ సమానదూరంలో ఉన్నందువల్ల ఇటు పడాలో అటు పడాలో చెప్పే కారణమేదీ లేక ఉన్నచోటనే ఉందని అన్నాడు. అప్పటికి ఆయన దృష్టిలో భూమి గోళం కూడా కాదు. రాతి స్తంభంలోని ఒక దిమ్మలా, వెడల్పులో మూడో వంతు ఎత్తు గల ముక్క అది. సూర్యచంద్రులు నిప్పు నిండిన చక్రాలట. వాటిని పొగమంచులాంటి తొడుగు కప్పి ఉంచుతుందని, ఆ తొడుగులోని రంధ్రం గుండా కనిపించే నిప్పునే మనం సూర్యుడని, చంద్రుడని అంటున్నామని, రంధ్రం మూసుకుంటే గ్రహణం పడుతుందని ఆయన వివరణ. అన్నిటికంటే దగ్గర నక్షత్రాలు, తర్వాత చంద్రుడు, అన్నిటికంటే దూరం సూర్యుడు. వరుస తలకిందులే, అయినా ఆకాశానికి లోతు ఉందని, అక్కడి వస్తువులు వేర్వేరు దూరాల్లో ఉన్నాయని చెప్పినవారిలో మనకు తెలిసినంతలో ఈయనే తొలివాడు. సూర్యచక్రం భూమికి 27 రెట్లని కొలత కూడా ఇచ్చాడు. ఆ అంకె కొలిచి తెచ్చినది కాదు. తొమ్మిది, దాని గుణిజాల మీద మోజుతో పుట్టినదని నా అభిప్రాయం.

ఆ సమానదూరపు వాదాన్ని కూడా అరిస్టాటిల్ వదల్లేదు. ఆకలీ దాహమూ సమానంగా ఉన్న మనిషిని అన్నానికీ నీటికీ సరిగ్గా నడుమ కూర్చోబెడితే వాడు కదలకుండా చచ్చిపోతాడా అని పరిహసించాడు.

అంకెల మోజు మాట వచ్చింది కనుక పైథాగరస్ సంప్రదాయపు ఫిలొలాయస్‌ను కూడా చెప్పాలి. ఆయన విశ్వానికి నడుమ ఉన్నది భూమీ కాదు, సూర్యుడూ కాదు, ఒక కేంద్రాగ్ని. భూమి దాని చుట్టూ రోజుకొకసారి తిరుగుతుంది, మనం ఉండే పక్క ఎప్పుడూ బయటికే తిరిగి ఉంటుంది కనుక ఆ అగ్ని మనకు కనపడదు. దానికి తోడు ప్రతిభూమి అనే మరో కనపడని గోళం. నక్షత్రగోళం, ఐదు గ్రహాలు, సూర్యుడు, చంద్రుడు, భూమి కలిపితే తొమ్మిదే అవుతున్నాయని, పది పరిపూర్ణ సంఖ్య కనుక పదోదాన్ని కల్పించుకున్నారని అరిస్టాటిల్ ఆరోపణ. ఏ కారణంతోనైనా సరే, భూమిని నడుమ నుంచి లేపి గ్రహంలా తిప్పిన తొలి చిత్రం మాత్రం ఇదే.

పాతపంచాంగం

అందరికీ నమస్కారం. అరిస్టాటిల్ ఆకాశగోళాలను ఈథర్ అనే ఐదో మూలద్రవ్యంతో చేశాడని చదివాను. భూమి, నీరు, గాలి, నిప్పు, ఈథర్ కలిస్తే మన పంచభూతాలే అవుతున్నాయి కదా. రెండింటి మధ్య ఇచ్చిపుచ్చుకోవడం జరిగి ఉంటుందా?

గోదారిగట్టు

పంచాంగం గారూ, సంఖ్య కలిసినంత మాత్రాన వస్తువు కలవదండీ. మన ఆకాశం అంతటా వ్యాపించి శబ్దానికి ఆశ్రయంగా ఉండే తత్త్వం. అరిస్టాటిల్ ఈథర్ చంద్రుడికి కింద ఎక్కడా ఉండదు. మట్టి, నీరు సహజంగా కిందికి, గాలి, నిప్పు సహజంగా పైకి పోతాయని, వృత్తంలో తిరగడమే సహజమైన మరో ద్రవ్యం తప్పక ఉండాలని, అది పుట్టదు, చావదు, మారదు అని ఆయన తర్కం. అందుకే మారేదంతా చంద్రుడికి కింది లోకానిదని గిరిగీశాడు. తోకచుక్కలను, చివరకు పాలపుంతను కూడా గాలిపొరల్లో జరిగే మంటలుగా లెక్కగట్టాడు. పాలపుంత అంటే కంటికి విడివిడిగా ఆనని అసంఖ్యాక నక్షత్రాల వెలుగని అంతకుముందే డెమోక్రిటస్ చెప్పాడు. ఆ మాట నిలిచిందని తేల్చడానికి గెలీలియో దూరదర్శిని దాకా ఆగవలసి వచ్చింది.

పంతులు గారు చెప్పిన వస్తువుల మాటకు మరో సాక్ష్యం ఇస్తాను. గోళాలు తిరిగేటప్పుడు సంగీతం పుడుతుందని, పుట్టిన నాటి నుంచి వింటున్నాం కనుక అది మనకు తెలియడం లేదని పైథాగరస్ అనుయాయులు అనేవారు. కంచరి వీధిలో కాపురమున్నవాడికి సుత్తి చప్పుడు వినపడనట్లే అన్నమాట. అరిస్టాటిల్ ఒప్పుకోలేదు. ఉరుము రాళ్లను పగలగొడుతుంటే, అంత పెద్ద జ్యోతులు గాలిని చీల్చుకుంటూ పోతే ఆ చప్పుడుకు ఇక్కడ ఏదీ మిగలదని అన్నాడు. మరి నిశ్శబ్దంగా ఎందుకుంది? ఏటి వాలులో పోయే పడవతో పాటు పోయే కొయ్య చప్పుడు చేయనట్లే, నక్షత్రాలు తమంతట తాము కదలకుండా గోళంలో పొదిగి ఉండి దానితో పాటు పోతున్నాయి కనుక. చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడన్న సంగతిని కూడా ఆయన ఇందుకే వాడుకున్నాడు. దొర్లేవాడైతే అన్ని వైపులా కనిపించి ఉండాలి కదా. చప్పుడు లేకపోవడాన్ని, మచ్చలు మారకపోవడాన్ని గోళాలకు రుజువుగా తెచ్చిన ఈ తీరు నాకు భలే నచ్చుతుంది, నిర్ణయం తప్పయినా సరే.

మూడోమెట్టు

అందరూ అరిస్టాటిల్ గోళాలను పొగుడుతున్నారు కానీ, అసలు విషాదాన్ని ఎవరూ ప్రస్తావించడం లేదు. సమోస్ ద్వీపవాసి అరిస్టార్కస్ క్రీ.పూ. మూడో శతాబ్దంలోనే సూర్యుడు నడుమ ఉన్నాడని, భూమి ఆయన చుట్టూ తిరుగుతున్నదని చెప్పాడు. దైవదూషణ నేరం మోపి ఆయన నోరు నొక్కేశారు. సూర్యుడు ఎర్రగా కాలిన రాయి అన్నందుకు అనాక్సగోరస్‌ను ఏథెన్స్ నుంచి వెళ్లగొట్టలేదా? మతం అడ్డుపడకపోతే కోపర్నికస్ దాకా 1,800 ఏళ్లు ఆగవలసిన అవసరమే ఉండేది కాదు.

లెక్కలపంతులు

మూడోమెట్టు గారూ, అనాక్సగోరస్ విషయంలో మీ మాట చాలావరకు నిజమే. ఆయన మీద అభియోగం వచ్చిందని, చివరకు లాంప్సకస్‌లో తలదాచుకున్నాడని ప్రాచీనులే రాశారు. ఆయన ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్‌కు ఆప్తుడు కావడంవల్ల అందులో రాజకీయం కూడా కలిసింది. అరిస్టార్కస్ కథ వేరు. విశ్వపు పొయ్యిగడ్డను కదిలించినందుకు గ్రీకులు అతని మీద నేరం మోపవలసిందని స్టోయిక్ తత్త్వవేత్త క్లియాంథెస్ అభిప్రాయపడ్డాడని ప్లూటార్క్ తన చంద్రబింబపు సంభాషణలో ఒక పాత్ర చేత, అదీ హాస్యంగా, చెప్పించాడు. మోపవలసింది అన్న మాటకూ మోపారు అన్న మాటకూ చాలా దూరం ఉంది. విచారణ జరిగిందన్న ఆధారం ఎక్కడా లేదు.

మరి ఎందుకు ఒప్పుకోలేదు? భూమి నిజంగా అంత పెద్ద వృత్తంలో తిరుగుతుంటే, ఆరు నెలల తేడాతో చూసినప్పుడు దగ్గరి నక్షత్రాలు దూరపు నక్షత్రాలతో పోలిస్తే కొంచెం పక్కకు జరిగినట్లు కనిపించాలి. రైలు కిటికీలోంచి చూస్తే దగ్గరి తాటిచెట్టు దూరపు కొండ మీదుగా జరిగిపోయినట్లు. అలాంటిదేమీ ఎవరికీ కనపడలేదు. అరిస్టార్కస్ దీనికి సమాధానం ముందే చెప్పుకున్నాడు. గోళపు ఉపరితలంతో పోలిస్తే దాని కేంద్రబిందువు ఎంతో, నక్షత్రగోళంతో పోలిస్తే భూమి తిరిగే వృత్తం అంతేనన్నాడు. ఈ సంగతి మనకు తెలిసింది ఆర్కిమిడీస్ వల్ల. విశ్వమంతా ఇసుక నింపితే ఎన్ని రేణువులు పడతాయో లెక్కగట్టిన పుస్తకంలో, వీలైనంత పెద్ద విశ్వం కావాలి కనుక ఆయన అరిస్టార్కస్ విశ్వాన్ని అరువు తెచ్చుకున్నాడు. జవాబు 1 పక్కన 63 సున్నాలకు మించదని తేల్చాడు. బిందువుకు పరిమాణమే లేదు కదా, దానితో నిష్పత్తి ఏమిటని అరిస్టార్కస్‌ను చిన్నగా గిల్లాడు కూడా. నక్షత్రం పక్కకు జరగడాన్ని నిజంగా కొలవడం 1838లో బెసెల్ వల్ల అయింది. హంసమండలంలోని 61వ నక్షత్రం విషయంలో ఆ కోణం సెకనులో (డిగ్రీలో 3,600వ వంతు) మూడో వంతు కూడా లేదు. కంటితో చూసేవారికి అది కనపడలేదని తప్పు పట్టగలమా?

కదిలే భూమి మీద పైకి విసిరిన రాయి చేతికే ఎందుకు తిరిగి వస్తుందో చెప్పే భౌతికశాస్త్రం కూడా అప్పటికి లేదు. భూమి తన చుట్టూ తాను తిరుగుతుందనుకుంటే ఆకాశం లెక్కలు సులభమవుతాయని టాలెమీ కూడా ఒప్పుకొని, అయినా మేఘాలు, పక్షులు వెనకబడిపోవాలి కదా అని తోసిపుచ్చాడు. మన వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో అడిగింది దాదాపు ఇదే, భూమి తిరిగితే డేగలు తమ గూళ్లకు ఎలా చేరతాయని. ఆర్యభటుడు పడవలో పోయేవాడికి ఒడ్డు వెనక్కి పోతున్నట్లు కనిపించే ఉపమానంతో భూభ్రమణాన్ని సమర్థిస్తే, తర్వాతి వ్యాఖ్యాతలు ఆ శ్లోకానికి వేరే అర్థాలు చెప్పారు. అక్కడ ఎవరి నోరూ ఎవరూ నొక్కలేదు. వాదం తేలడానికి కావలసిన సరంజామా ఇంకా తయారుకాలేదు, అంతే.

మూడోమెట్టు

నేరం మోపారన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. మోపవలసిందని ఒక తత్త్వవేత్త అనుకోవడమే నాకు చాలినంత బాధగా ఉందని మాత్రం చెప్పుకుంటాను.

వేధశాలదారి

ఆలస్యంగా చేరినందుకు క్షమించండి. గోళాలు ఎలా కూర్చారో చెప్పుకున్నారు కానీ, అవి ఎక్కడ పగుళ్లిచ్చాయో ఎవరూ చెప్పలేదు. నా కళ్లతో చూసిన రెండు సంగతులతో చెబుతాను.

1980 ఫిబ్రవరి 16న, హైదరాబాదుకు దగ్గరలోని జపాల్-రంగాపూర్ వేధశాల ప్రాంతంలో సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించింది. అప్పుడు నేను బడిపిల్లవాణ్ణి. ఇంట్లోవాళ్లు తలుపులు వేసేసినా, మా చిన్నాన్న నన్ను పొలం గట్టుకు తీసుకువెళ్లి చూపించాడు. చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పేశాడు. మళ్లీ 2019 డిసెంబరు 26న కోయంబత్తూరు వెళ్లి కంకణ గ్రహణం చూశాను. అదే చంద్రుడు ఈసారి సూర్యుణ్ణి కప్పలేకపోయాడు, చుట్టూ వెలుగు కంకణం మిగిలిపోయింది. చంద్రుడు భూమి నుంచి ఎప్పుడూ ఒకే దూరంలో ఉంటే ఇలా జరగకూడదు. యుడాక్సస్, కలిప్పస్, అరిస్టాటిల్ ముగ్గురి గోళాలకూ కేంద్రం భూమే కనుక, వారి విశ్వంలో ఏ జ్యోతీ దగ్గరకు రాదు, దూరం పోదు. ఈ అభ్యంతరాన్ని ప్రాచీనులే లేవనెత్తారు. క్రీ.శ. రెండో శతాబ్దపు సొసిజెనీస్ ఈ రెండు రకాల గ్రహణాలనే ఎత్తిచూపాడని, చంద్రబింబాన్ని కప్పడానికి ఒకప్పుడు 11 అంగుళాల బిళ్ల చాలితే మరొకప్పుడు 12 అంగుళాలది కావలసి వస్తున్నదని సింప్లీషియస్ నమోదు చేశాడు. ఆ అంగుళం వేలి వెడల్పు కొలత, మన స్కేలు మీది అంగుళం కాదు.

రెండోది కుజుడు. 2022 డిసెంబరులో వృషభంలోనూ, 2025 జనవరిలో పునర్వసు జంట నక్షత్రాల దగ్గరా వక్రించినప్పుడు మేడ మీది నుంచి వీలైన ప్రతి రాత్రీ స్థానం గుర్తించి గ్రాఫు కాగితం మీద గీశాను. రెండు వంకరలూ ఒకే ఆకారంలో లేవు, ఒకే పొడవూ లేవు. యుడాక్సస్ 8 అంకె మాత్రం ప్రతిసారీ అచ్చు గుద్దినట్లు ఒకేలా ఉంటుంది. పైగా 2025 జనవరిలో నిప్పుకణికలా మెరిసిన కుజుడు, అదే ఏడాది వర్షాకాలానికి వెలుగులో పదో వంతుకు కూడా మిగలలేదు. ఒకే దూరంలో ఉన్న దీపం అలా తగ్గదు. అన్నట్లు, కుజుడు ఒకసారి వక్రించాక మళ్లీ వక్రించడానికి సుమారు 780 రోజులు పడుతుంది. యుడాక్సస్ వాడిన అంకెను సింప్లీషియస్ 260 రోజులని రాశాడు, సరిగ్గా మూడో వంతు. 780తో ఆ యంత్రాన్ని తిప్పితే కుజుడు అసలు వెనకడుగే వేయడు. 260తో తిప్పితే వేస్తాడు కానీ, లేని వక్రాలు అదనంగా పుట్టుకొస్తాయి.

రాత్రిపహరా

అందరికీ ధన్యవాదాలు. పంతులు గారూ, ఒక చిన్న సందేహం మిగిలింది. మెటాఫిజిక్స్‌లో 55 చెప్పిన వెంటనే, సూర్యచంద్రులకు చేర్చిన గోళాలను వదిలేస్తే 47 అని అరిస్టాటిల్ అంటున్నాడు. నేను ఎంత తీసివేసినా 47 రావడం లేదు.

లెక్కలపంతులు

మీకు రాకపోవడం మీ తప్పు కాదు. కలిప్పస్ సూర్యుడికి చేర్చిన రెండూ, చంద్రుడికి చేర్చిన రెండూ, సూర్యుడి రెండింటిని విప్పడానికి పెట్టిన రెండూ తీసేస్తే ఆరు పోయి 49 మిగలాలి. ప్రాచీన వ్యాఖ్యాతలకే అది రాతగాడి పొరపాటేమోనన్న అనుమానం కలిగింది.

ఇంకో తమాషా చెబుతాను. శని మూడు గోళాలను విప్పేశాక మిగిలేది శని మొదటి గోళపు కదలిక, అంటే రోజుకొక చుట్టు. దానికి కింద గురుడి మొదటి గోళం మళ్లీ రోజుకొక చుట్టు తిప్పుతానంటుంది. ఒకే పనికి ఇద్దరు పనివాళ్లు. అలా చంద్రుడి దాకా వస్తే ఆరు గోళాలు దండగే. ఇంత జాగ్రత్తగా యంత్రం కట్టినవాడు దీనిని ఎలా వదిలేశాడో నాకు ఎప్పటికీ అంతుపట్టదు. అయితే ఆయన దీనిని శాసనంలా చెప్పలేదని గుర్తుంచుకోవాలి. సంఖ్య ఇంత అనుకోవడం సమంజసమని, తప్పనిసరిగా ఇంతేనని తేల్చే పని తనకంటే సమర్థులకు వదిలేస్తున్నానని అక్కడే రాశాడు. ఒక్కో గోళానికీ ఒక్కో అచల చాలకుడిని, అంటే తాను కదలకుండా కదిలించేవాడిని, నియమించి, అదే పుస్తకాన్ని ఏలేవాళ్లు ఎక్కువమంది ఉండడం మంచిది కాదు, ఏలిక ఒక్కడే ఉండాలన్న హోమర్ పంక్తితో ముగించడం మాత్రం కొంచెం నవ్వు తెప్పిస్తుంది.

గోదారిగట్టు

వేధశాలదారి గారు చూపిన పగుళ్ల తర్వాత ఏం జరిగిందో చెప్పకపోతే కథ నడుమలో తెగిపోతుంది. తర్వాతి గ్రీకు గణితవేత్తలు అపొలోనియస్, హిప్పార్కస్ భూమి నుంచి కొంచెం పక్కకు జరిపిన కేంద్రాలను, పెద్ద వృత్తం మీద దొర్లే చిన్న వృత్తాలను వాడారు. ఇప్పుడు గ్రహం దగ్గరకూ వస్తుంది, దూరమూ పోతుంది, వెలుగు మారడానికి కారణం దొరికింది. క్రీ.శ. 150 ప్రాంతంలో టాలెమీ అల్మజెస్ట్ 13 భాగాల్లో వీటిని పూర్తి పట్టికలుగా మలచాడు. అందుకు ఆయన చెల్లించిన మూల్యం సమగతి బిందువు. భూమి నుంచి చూసినా, వృత్తకేంద్రం నుంచి చూసినా గ్రహపు వేగం సమంగా ఉండదు, మూడో బిందువు నుంచి చూస్తేనే సమంగా ఉంటుంది. ప్లేటో షరతుకు ఇది దొడ్డిదారి. తర్వాత కోపర్నికస్‌ను ఎక్కువగా చికాకుపెట్టింది ఇదే.

టాలెమీని కేవలం లెక్కలవాడనడానికి కూడా లేదు. గ్రహాల గురించిన తన మరో గ్రంథంలో ఆయన ఈ వృత్తాలన్నిటినీ మందమైన పెంకుల్లో ఇమిడ్చి, ఒక పెంకు ముగిసినచోట మరొకటి మొదలయ్యేలా పేర్చి, నక్షత్రగోళం భూవ్యాసార్ధానికి 20,000 రెట్ల దూరంలో ఉందని తేల్చాడు. నేటి కొలతల ప్రకారం సూర్యుడి దూరమే 23,000 భూవ్యాసార్ధాలు దాటుతుంది. ఆయన విశ్వమంతా మనకూ సూర్యుడికీ మధ్య ఇమిడిపోతుంది. మన కాలపు ఖగోళశాస్త్రం లెక్కతో సరిపోతుందే తప్ప ఉన్నదానితో సరిపోదని పన్నెండో శతాబ్దంలో అరిస్టాటిల్ వ్యాఖ్యాత ఇబ్న్ రుష్ద్ వాపోయాడు. అంటే రాత్రిపహరా గారి ప్రశ్నకు ఎంత లేదన్నా 800 ఏళ్ల వయసుంది. 1577 నాటి తోకచుక్క చంద్రుడికంటే చాలా పైన, గ్రహాల నడుమ నుంచి పోతున్నదని టైకో బ్రాహీ కొలిచాక గట్టి గోళాలను నమ్మడం కష్టమైపోయింది.

పాతపంచాంగం

పంచభూతాల విషయంలో తొందరపడ్డాను కనుక ఈసారి ఆధారంతో వస్తున్నాను. ఆ గోళాల వరుస ఇప్పటికీ మన గోడ క్యాలెండరులో ఉంది. బయటి నుంచి లోపలికి శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్రులు. రోజుకు 24 హోరలు, ఒక్కో హోరకు ఈ వరుసలో ఒక్కో అధిపతి, మొదటి హోర ఎవరిదో ఆ వారం వారి పేరుది. శనివారం శనితో మొదలుపెట్టండి. 21 హోరలకు మూడు చుట్లు పూర్తవుతాయి, ఇంకా మూడు హోరలు శని, గురు, కుజులకు పోతాయి, మరునాటి మొదటి హోర రవిది. అక్కడి నుంచి అలాగే లెక్కిస్తే సోమవారం. ఆర్యభటీయం కాలక్రియాపాదంలో ఈ వరుసా ఉంది, ఈ లెక్కా ఉంది. హోర, కేంద్రం, లిప్త అనే మాటలు గ్రీకు నుంచి సంస్కృతంలోకి వచ్చినవే. మ్లేచ్ఛులైనా యవనుల్లో ఈ శాస్త్రం చక్కగా నెలకొని ఉంది కనుక వారూ ఋషుల్లా పూజ్యులేనని బృహత్సంహిత చెబుతున్నది.

గోదారిగట్టు

పంచాంగం గారూ, ఇది తిరుగులేని ఆధారం. ఒక్క మాట చేర్చనివ్వండి. ప్లేటో వరుసలో చంద్రుడి పైన వెంటనే సూర్యుడు వస్తాడు, శుక్రబుధులు ఆయనకు పైన. సగటున ఆ మూడూ ఏడాదికే రాశిచక్రం చుట్టివస్తాయి కనుక ఎవరు పైనో తేల్చే దారి లేదు. మన వారాలు ప్లేటో వరుసను కాక, టాలెమీ ఒప్పుకున్న వరుసను అనుసరించాయి. ప్లేటో మాట నెగ్గి ఉంటే శనివారం తర్వాత బుధవారం వచ్చేది.

రాత్రిపహరా

ఆ చివరి లెక్కను కాగితం మీద వేసి చూశాను. శని, గురు, కుజ, బుధ, శుక్ర, రవి, చంద్ర వరుసలో నిజంగానే శని తర్వాత బుధుడే వస్తున్నాడు. వేధశాలదారి గారూ, కుజుడి స్థానాన్ని దూరదర్శిని లేకుండా ఎలా గుర్తించారో చెప్పగలరా? మా అమ్మాయితో కలిసి వచ్చే వక్రాన్ని గీయాలని ఉంది.

వేధశాలదారి

తప్పకుండా. తర్వాతి వక్రం 2027 జనవరి నుంచి మార్చి చివరి దాకా, సింహరాశి నక్షత్రమండలంలో. ఫిబ్రవరి 19న కుజుడు సూర్యుడికి సరిగ్గా ఎదుటికి వస్తాడు, మఖ నక్షత్రం పక్కనే ఉంటాడు కనుక వెతుక్కునే పని లేదు. మఖను, సింహం వెనుక భాగంలోని ఉత్తర ఫల్గుణిని, ఇంకో రెండు మూడు నక్షత్రాలను ముందే కాగితం మీద గుర్తించి పెట్టుకోండి. పొడవాటి స్కేలును చాచిన చేతితో ఎప్పుడూ ఒకే దూరంలో పట్టుకొని, మఖ నుంచి కుజుడి దాకా ఎన్ని సెంటీమీటర్లో, మరో నక్షత్రం నుంచి ఎన్నో చూసి వృత్తలేఖినితో రెండు చాపాలు గీస్తే అవి కలిసిన చోటే ఆ రాత్రి స్థానం. వారానికి రెండు రాత్రులు చాలు. డిసెంబరులోనే మొదలుపెట్టండి, ఆగే ముందు నడక నెమ్మదించడం చూడకపోతే సగం అందం పోతుంది. చేయి చాచేది మీరో అమ్మాయో ముందే తేల్చుకోండి, నడుమలో మారిస్తే కొలతలు కలవవు.